తూర్పుకు వంగే మొలకలు

ఎడపల్లి గోదాంలో విత్తనాలకు మందు పట్టించే మిషన్ నడిపేది దేవిదాస్. పొద్దున్నే నిమిషం పాటు జారిన గింజను బకెట్‌లో పట్టి తూకం వేయాలి. అదే నిమిషంలో కారిన ఎర్ర మందును గ్లాసులో పట్టి కొలవాలి. ఇద్దరు చేసే పని. రెండేళ్లుగా ఒక్కడే కాబట్టి మిషన్‌ను రెండుసార్లు తిప్పుతాడు. కొలత గ్లాసు కూడా లేదు, చాయ్ గ్లాసుకు గోళ్ల రంగుతో గీతలు పెట్టుకున్నాడు.

అప్పట్నుంచీ అతని చేతి మీదుగా పోయిన విత్తనం ఏ చేలో మొలిచినా తూర్పుకు, వేల్పూర్ దిక్కుకే వంగుతుంది. పొద్దు పడమటికి వాలినా మొలకలు తిరగవు. రైతులు సాళ్లు ఆ లెక్కనే పోసుకుంటారు.

"ఈసారి గూడ వంగుతదా బిడ్డా?" అని హన్మవ్వ అడిగింది.

"వంగుతదవ్వా."

"సరే తియ్. రెండు సంచులు పట్టియ్."

వేల్పూర్‌లో జ్యోతిరాణి ఉంది, అతని భార్య. రెండేళ్ల కిందటి వానాకాలంలో ఆమె తమ్ముడు నాగేందర్ మక్కలు, అంటే మొక్కజొన్న విత్తనం, తెచ్చాడు. అప్పటిదాకా మిషన్‌లో నడిచింది వడ్లు. "గింజ మారింది, మల్ల కొలువు" అంది ఆమె. "ఇన్నేండ్ల చెయ్యి, కొలతెందుకు" అని ఇతను సంచి గుమ్మరించాడు. పెద్ద గింజ మెల్లగా జారింది, మందు మాత్రం అదే జోరున కారింది. సగం మక్కలు మాడిపోయి మొలవలేదు. నాగేందర్ వచ్చి నలుగురిలో అడిగితే, "మీ అక్కనే గ్లాసు తప్పుగ పట్టింది" అన్నాడు ఈ మహానుభావుడు. మర్నాడు ఆమె కొలత గ్లాసు కొంగున చుట్టుకుని తమ్ముడి ఊరు వేల్పూర్‌కు బస్సెక్కింది.

తర్వాత ఎన్నో ఫోన్లు చేశాడు. రమ్మన్నాడు, బతిమాలాడు. తప్పు నాదన్న ముక్క మాత్రం చెప్పలేదు. రోజూ సాయంత్రం నిజామాబాద్ బస్సు దిగేవాళ్లను చూసి, ఆమె లేని ఇంటికి పోలేక అక్కడే నిలబడేవాడు.

ఈ ఏడు వేల్పూర్ నుంచి భూమన్న మక్కలు తెచ్చాడు. అతని చేను నాగేందర్ ఇంటి పక్కనే. దేవిదాస్ నడుస్తున్న మిషన్ ఆపాడు. మక్కలు పోసి కొలిచాడు, మళ్లీ కొలిచాడు. మూడోసారికి వరుసలో వాళ్లు విసుక్కున్నారు.

"ఎన్నిసార్లు కొలుస్తవన్నా?" అన్నాడు భూమన్న.

దేవిదాస్ బకెట్ కింద పెట్టాడు. "అప్పుడు గింజ మారినంక కొలువలే. తప్పు నాది. జ్యోతిరాణి గ్లాసు సక్కగనే పట్టింది."

"గింత మాటకు రెండేండ్లా కొడుకా!" అంది హన్మవ్వ.

ఎనిమిదో రోజుకు భూమన్న చేను మొలిచింది. నాగేందర్ ఇంటి దిక్కుకు వంగడం వింతేం కాదు. కాని ఈసారి ప్రతి మొలకా తల నేలకు ఆనించింది. జ్యోతిరాణి గట్టు మీద నిలబడి చాలాసేపు చూసింది.

"ఒప్పుకున్నడా?" అని భూమన్నను అడిగింది.

"ఒప్పుకున్నడక్కా."

"ఎవరి ముందట?"

"అందరి ముందట."

ఆమె ఇంట్లోకి పోయింది.

మర్నాడు దేవిదాస్ హన్మవ్వ వడ్లకు మిషన్ తిప్పుతుంటే, మందు గొట్టం కిందికి పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. చేతిలో కొలత గ్లాసు.

"చాయ్ గ్లాసుతోని కొలుస్తరా ఎవరన్నా? నిమిషం సూడు."

గడియారంలోకి చూశాడు గాని కళ్లకు ఏమీ ఆనలేదు. నిమిషం దాటింది. బకెట్ నిండి వడ్లు గుమ్మం దాకా పారాయి.

"పోయింది. మల్ల కొలువు" అంది జ్యోతిరాణి.

ఆ పూటే వేల్పూర్‌లో భూమన్న చేలో మక్క మొలకలు తలలెత్తాయి. వారానికి గోదాం గుమ్మంలో చిందిన వడ్లు మొలిచాయి. అవి ఏ దిక్కుకూ వంగలేదు.