నలుగురి ఖాతా

హోటళ్ళ దుప్పట్లు ఉతికే మా షెడ్డులో పెద్దక్కది మరకలు పట్టుకునే పని. ఉతికి ఆరిన దుప్పటిని దీపం కింద పరిచి, కళ్ళలో వత్తులు వేసుకుని చూడాలి. మరక కనబడితే మళ్ళీ తొట్టిలోకి, లేకపోతే నా ఇస్త్రీ బల్ల మీదికి. ఆమె కుడికంటికి పొర కమ్మి చాలాకాలమైంది. ఈ ఏడు ఎడమకన్నూ మొదలుపెట్టింది. మరక ఉన్న దుప్పటి హోటలుకు చేరిందంటే మేస్త్రి ఆమెను ఇంటికి పంపేస్తాడు. అందుకని ఆమె వదిలేసినవాటిని చెప్పాపెట్టకుండా నేనే పట్టుకుని పక్కన పెట్టేదాన్ని. ఒక జీతానికి ఇద్దరి పని. సాయంత్రానికి నడుము విరిగిపోయేది.

పెద్దాసుపత్రిలో పేదవాళ్ళకు కంటి ఆపరేషన్ ఉచితమని తెలిసి, ఒకరోజు కూలి పోగొట్టుకుని ఇద్దరం వెళ్ళాం. రాయితీ గదిలో ఉన్న అమ్మాయి మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు చూసి తలెత్తింది.

"ఏంటమ్మా, నెలకి ఇంత పడుతుంటే మీకు ఉచితం ఎలా ఇస్తారు?"

"అది నా ఒక్కదానిదే కాదమ్మా, నలుగురిది," అంది అక్క.

"ఖాతా ఎవరి పేరున ఉంది?"

"నా పేరునే."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

పాపం, ఆ పిల్ల కసురుకోనైనా లేదు. ఆమె కూడా మాలాగే అలసిపోయి ఉంది.

ఒకప్పుడు మా నలుగురికీ ఎవరి ఖాతా వాళ్ళకుండేది. అందులో ఎప్పుడూ కొంత డబ్బు కదలకుండా ఉండాలట. మా డబ్బుకు అంత ఓపిక ఎక్కడిది? జీతం పడిన రోజే అద్దెకు పరిగెత్తేది. తగ్గినందుకు బ్యాంకు జరిమానా కోసేది. కోసేసరికి ఇంకా తగ్గేది. కోశామని చెప్పే మెసేజీకి కూడా ఒక కోత. పోనీ మూసేద్దామంటే మూయడానికీ రుసుమే. ఉన్నవాడికి వడ్డీ ఇచ్చి, లేనివాడికి జరిమానా వేసే ఈ లెక్క ఎవరు కనిపెట్టారో గానీ వాడికి బుర్ర మాత్రం ఉంది.

చివరికి ఆ రుసుమూ కట్టి ముగ్గురం ఖాతాలు మూసేశాం. నేను, బట్టల బండి తోసే మావయ్య, తొట్ల దగ్గర పనిచేసే రేడియో. మావయ్య ఎవరికీ మామ కాడు, పిలుపు అలా పడిపోయింది. రేడియోకి ఆ పేరు ఎందుకొచ్చిందో ఆమె పక్కన పావుగంట నిలబడితే తెలుస్తుంది. మా జీతాలన్నీ అక్క ఖాతాలోనే వేయించుకుని, తలా కాస్త అందులో వదిలేశాం. కోతలు ఆగిపోయాయి. బ్యాంకునే బోల్తా కొట్టించామని మురిసిపోయాం కూడా. ఆ తెలివే ఇప్పుడు అక్క కంటికి అడ్డం పడింది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు అక్క, "వాళ్ళకి చెప్పకే," అంది.

"ఎందుకు చెప్పకూడదు?"

"మళ్ళీ ఎవరి ఖాతా వాళ్ళు తెరిస్తే మళ్ళీ ఆ కోతలే కదా. మావయ్యకి ముగ్గురు పిల్లలు. నాకు ఇంకా సగం కన్ను ఉందిగా, నెట్టుకొస్తాలే."

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు నెట్టుకొస్తున్నావా? నువ్వు వదిలేసిన మరకలన్నీ నేను చూసుకుంటున్నానక్కా. ఇంక నా వల్ల కాదు."

అనేశాక నాలుక కొరుక్కున్నాను.

"ఎన్నాళ్ళనుంచే?" అని మాత్రం అడిగింది అక్క. నేను బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూశాను.

మర్నాడు తొట్ల దగ్గర అక్కే వాళ్ళిద్దరికీ సంగతంతా చెప్పింది. రేడియో నోట మాట రాకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. మావయ్య తల గోక్కుని, "కానివ్వండి. కోతలు మనకేమైనా కొత్తా?" అన్నాడు. అని మళ్ళీ బండి తోసుకుంటూ పోయాడు.

మా డబ్బు మేం తీసేసుకున్నాం. నా కొత్త ఖాతాకు మొదటి నెలే జరిమానా పడింది. మేం ఖాళీ చేశాక అక్క ఖాతా కూడా అడుగంటింది, ఆమెకూ కోతలు మొదలయ్యాయి. కొత్త స్టేట్‌మెంటుకు కావలసిన ఆ మూడు నెలలూ నేను రెండు కళ్ళతో ఇద్దరి చూపు చూశాను. అక్క మాత్రం ప్రతి దుప్పటినీ నాకిచ్చే ముందు ఓ క్షణం ఆగేది. ఆ ఆగడం చూడలేక నేను తల తిప్పుకునేదాన్ని.

కొత్త స్టేట్‌మెంటు పట్టుకుని మళ్ళీ వెళ్ళాం. ఆ అమ్మాయే ఉంది. పైనుంచి కిందిదాకా పెన్సిల్‌తో చూస్తూ వచ్చి, జరిమానా ఉన్న చోటల్లా చిన్న గీత పెట్టింది.

"ఇప్పుడు సరిపోయిందమ్మా. ఈ కోతలున్నాయి కాబట్టి పైవాళ్ళు ఒప్పుకుంటారు. ఇవి లేకపోతే మీరు లేనివాళ్ళంటే నమ్మరు."

ముద్ర వేసింది. నాకు సంతోషం రావాలి. కానీ ఆ కోతల్లో మావయ్య పిల్లల ముఖాలు కనబడ్డాయి.

"ఆపరేషన్ రోజుదాకా ఖాతాలో డబ్బు పెరగకుండా చూసుకోండి. మళ్ళీ ఓసారి చూస్తారు," అంది ఆ అమ్మాయి.

అక్క కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"దానికేం భయం లేదమ్మా," అంది. "అది బ్యాంకువాళ్ళు చూసుకుంటారు."