ఎవరూ కూర్చోని కుర్చీ

"కుర్చీలు తుడవాలని అంత సరదాగా ఉంటే మనింట్లో లేవా కుర్చీలు?" అన్నారు మా ఆయన, పొద్దున నేను గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే. ఉన్నాయి. అందులో ఒకటి అత్తయ్య మంచం పక్కన, కింద బేసిన్ పెట్టి ఉంటుంది. దాన్ని కడిగి, అత్తయ్యకి ఒళ్ళు తుడిచి బట్టలు మార్చి, మధ్యాహ్నానికి వండి మూతలు పెట్టి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించాకే నేను చెప్పుల దాకా వచ్చాను. ఆ చొక్కా వేసుకుని ఆయనా ఇవాళ నేను కుర్చీలు వెయ్యబోయే మీటింగుకే వస్తారు, చర్చి కమిటీ సభ్యుడి హోదాలో. వచ్చి, నేను తుడిచిన కుర్చీలోనే కూర్చుంటారు. ఆ మాట అంటే ఇద్దరం కలిసి నవ్వుకోవచ్చు. కానీ మా ఇంట్లో హాస్యం ఆయన వంతు, మిగతా పనులన్నీ నా వంతు. వెళ్ళొస్తానన్నాను. లోపల్నుంచి అత్తయ్య, "దేవుడి పనంటే కాదనలేం. మరి నా నడుం ఎవరు పడతారో ఆ దేవుణ్ణే అడిగి రా" అంది.

హాలు తాళం తీసేసరికి లోపల చల్లగా, కొవ్వొత్తుల మైనం వాసన వేస్తోంది. మా కార్యాలయం పేరు మొత్తం పలికితే సగం ఊపిరి అయిపోతుంది. నానా దేశాల కథోలిక సేవాసంస్థలు ఇన్నాళ్ళూ ఎవరికి వారే అన్నట్టు పని చేశాయి. ఒకరు బావి తవ్వితే ఇంకొకరు దాని పక్కనే ఇంకో బావి తవ్వేవారు. ఇప్పుడు అందరూ కలిసి నడుద్దామని ఒప్పుకున్నారు. ఆకలి గురించి, కూలి గురించి, న్యాయం గురించి ఒకే గొంతుతో మాట్లాడదామని. నేను దీన్ని నమ్ముతాను. నమ్మకపోతే ఇన్నేళ్ళు జీతం లేకుండా ఇక్కడ ఎందుకు పడి ఉంటాను? తాళం తియ్యడం, ఊడవడం, టీ పెట్టడం, వచ్చిన పరాయి దేశాల వాళ్ళ మాటలు మా భాషలోకీ మా వాళ్ళ మాటలు వాళ్ళ భాషలోకీ మార్చడం, అన్నీ నావే. కాన్వెంటు చదువు పుణ్యమా అని ఆ భాష వచ్చింది నాకు. "ఈవిడ మాకు తలలో నాలుక" అని చెబుతారు డైరెక్టర్ ఫాదర్ అందరికీ. పెళ్ళయిన కొత్తలో మా ఆయన కూడా అలాగే మురిసిపోయి చెప్పుకునేవారు.

కుర్చీలన్నీ వేశాక ఆఖరున బల్ల దగ్గర ఒక కుర్చీ వేసి, వీపు మీద తెల్లగుడ్డ కప్పాను. అది మా ఆనవాయితీ. ఎవరూ కూర్చోని కుర్చీ అది. ఈ కార్యాలయాన్ని మొదలుపెట్టిన ముసలి సిస్టర్, దేవుడి దగ్గరికి వెళ్ళిపోయిన ఆవిడ, పెట్టిన పద్ధతి. పేదవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళకొక చోటు ఉండాలనేది ఆవిడ. ఏ నిర్ణయమైనా చేసే ముందు అందరూ మాటలాపి ఆ కుర్చీ వైపు చూడాల్సిందే. ఆవిడ పోయాక కుర్చీ మిగిలింది, చూడటం పోయింది. పోయినసారి ఒక పెద్దమనిషి తన కోటు విప్పి దాని మీదే వేశాడు. ఆ కోటు తీసి కొక్కేనికి తగిలించింది కూడా నేనే.

హాలు వెనక పిల్లల గది ఉంది. నాకు సొంతమని చెప్పుకోగలిగింది లోకంలో ఏమైనా ఉంటే ఆ గదే. ఇళ్ళల్లో అంట్లు తోమేవాళ్ళు, లాండ్రీల్లో నిలబడేవాళ్ళు పొద్దున్నే పిల్లల్ని వదిలి వెళ్తారు. చాపలు, అరిగిపోయిన బొమ్మలు, గోడ మీద పిల్లలు గీసిన గీతలు. ఆ గోడకి సున్నం వేయిస్తామంటే నేనే వద్దన్నాను. లాండ్రీలో ఇస్త్రీ చేసే అమ్మాయి ఒకామె ఉంది. మొగుడు వదిలేసి పోయాడు. ఈ గది లేనప్పుడు తన కొడుకుని దుప్పటి చింపిన పేలికతో మంచం కోడుకి కట్టేసి, బయట గడియ పెట్టుకుని పనికి పోయేది. వాడు నా దగ్గరికి వచ్చిన కొత్తలో తలుపు తెరిచి ఉన్నా గోడ పక్కనే కూర్చునేవాడు, కట్టు ఎంత దూరం పోనిస్తుందో అంతే మేర పాకేవాడు. గది మధ్యకి రావడానికి వాడికి చాలాకాలం పట్టింది. వాడు మధ్యకి వచ్చిన రోజు నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఎందుకంటే నేనింకా మధ్యకి రాలేదు.

ఇవాళ ఆ గది మూసేశాం. అతిథుల భోజనాలకి బల్లలు అక్కడ వెయ్యమన్నారు ఫాదర్. నిన్న సాయంత్రం ఆ సంగతి చెబితే ఇస్త్రీ అమ్మాయి, "మరి వీణ్ణేం చెయ్యను అక్కా?" అంది. మా ఇంట్లో వదులు అనడానికి నోరు రాలేదు. ఒకసారి ఒక పిల్లని తీసుకెళ్తే, "ఇది ఇల్లా, సత్రమా?" అన్నారు మా ఆయన. ఒక్కరోజుకి ఏదో ఒకటి చూసుకోమని చెప్పాను. ఆ ఏదో ఒకటి ఏమిటో నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

అందరూ వచ్చారు, ప్రార్థన అయింది. అనువాదం చేసేవాళ్ళకి మా దగ్గర కుర్చీ ఉండదు. ఆ సంస్థల తరఫున పరాయి దేశం నుంచి వచ్చినావిడకీ ఫాదర్‌కీ మధ్య, ఒక అడుగు వెనక నిలబడి, వంగి చెప్పాలి. ముసలి సిస్టర్ నాకు నేర్పిన సూత్రం ఒకటే: ఉన్నదున్నట్టు చెప్పు, ఏమీ కలపకు, ఏమీ తియ్యకు. తమాషా ఏమిటంటే ఫాదర్‌కి ఆ భాష నాకంటే బాగా వచ్చు, విదేశంలో చదివొచ్చిన మనిషి. కానీ పెద్దలు మాట్లాడతారు గానీ అనువదించరు. కమిటీ వాళ్ళ కోసం ఆయన మా భాషలోనే మాట్లాడతారు, నేను దాన్ని మోసుకెళ్ళి అటు దింపుతాను, అటు నుంచి ఇంకోటి మోసుకొస్తాను.

వచ్చినావిడ మంచి మనిషి. జుట్టు నెరిసింది, గొంతు మెత్తన. పేదరికంలో అడుగున ఉండేది ఆడదేనని చెప్పింది. ఇంటి చాకిరీని ఎవరూ పని అనరని, దాని మీదే లోకం నిలబడిందని, దాన్ని గుర్తించకుండా న్యాయం అనే మాట ఎత్తే హక్కు మనకి లేదని చెప్పింది. ఆ మాటలు నా నోటి నుంచి మా భాషలో వస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఎన్నాళ్ళ నుంచో గొంతులో ఉన్నవి ఎవరో ముందుగా పలికితే, వెనకాలే నేనూ పలుకుతున్నట్టుంది. మా ఆయన శ్రద్ధగా వింటున్నారు. పరాయి ఆడమనిషి మాటలని కాబోలు, తల కూడా ఊపారు. నాకు పిచ్చి ఆశ పుట్టింది. ఇవాళ ఏదో జరుగుతుందనుకున్నాను.

జరిగింది. ఫాదర్ లేచి, సంస్థలన్నీ కలిసినప్పుడు అందరికీ కలిపి ఒక న్యాయవిభాగం ఉండాలని, దానికి గది కావాలని, హాలు వెనక గది అందుకు అనువుగా ఉందని చెప్పారు. నేను అనువదిస్తూ పోతున్నాను. నోటి నుంచి సగం వాక్యం బయటికి వెళ్ళాక గాని అది ఏ గదో నాకు తట్టలేదు. మిగతా సగం కూడా చెప్పాను. నోటికి అలవాటు. వచ్చినావిడ కళ్ళజోడు తీసి, అక్కడ పిల్లలుంటారని విన్నానే, ఆ గది నడుపుతున్నావిడ ఏమంటోందని అడిగింది. ఆ నడుపుతున్నావిడ తన భుజం వెనకే నిలబడి ఉందని ఆమెకి తెలియదు. ఆ ప్రశ్నని మా భాషలోకి తెచ్చి హాలు మధ్యలో పెట్టాను. ఫాదర్ నా వైపు చూడలేదు. మా ఆయన వైపు చూశారు.

మా ఆయన లేచారు. చొక్కా మడత నలగలేదు. "ఆమెకి ఏ అభ్యంతరమూ లేదండీ. ఇంట్లో మాట్లాడుకున్నాం. మా అమ్మ మంచంలో ఉంది, ఆమె ఇంటిపట్టున ఉంటే అందరికీ మంచిదే" అన్నారు.

ఇంట్లో ఏం మాట్లాడుకున్నామో వెతుక్కున్నాను. మందులు అయిపోయాయని మాట్లాడుకున్నాం. కుళాయి కారుతోందని మాట్లాడుకున్నాం. అప్పుడు గుర్తొచ్చింది, ఈమధ్య ఫాదర్ మా ఇంటికి వచ్చినప్పుడు నేను టీ పట్టుకుని గదిలోకి వెళ్తే ఇద్దరూ మాట ఆపేశారు. టీ బాగుందన్నారు ఫాదర్. మాట్లాడుకున్నాం అంటే అదన్నమాట. హాలంతా నా నోటి కోసం ఎదురుచూస్తోంది. ఏమీ కలపకు, ఏమీ తియ్యకు. "ఆమెకి ఏ అభ్యంతరమూ లేదు" అని వాళ్ళ భాషలో చెప్పాను, స్పష్టంగా, తప్పు లేకుండా. నా గొంతుతో నేనే నా గదికి తాళం వేశాను. వచ్చినావిడకి కళ్ళు చెమర్చాయి. అలాంటి త్యాగమూర్తుల వల్లే మన పని నడుస్తోంది, ఆమెకి నా కృతజ్ఞతలు చెప్పండి అంది. అదీ అనువదించాను. మా ఆయన చిన్నగా తల వంచి ఆ కృతజ్ఞతలు అందుకున్నారు.

కాళ్ళు లాగేస్తున్నాయి. రేపటి నుంచి నా రోజులన్నీ కళ్ళ ముందు వరసగా కనపడ్డాయి. బేసిన్, పొయ్యి, తలుపుకి తగిలించిన చొక్కా, మళ్ళీ బేసిన్. అరవాలనుంది. అరిస్తే ఈవిడకేదో అయిందంటారు, మా ఆయన నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్తారు, అందరూ ఆయన ఓర్పుని మెచ్చుకుంటారు. చచ్చిపోతే బాగుండునని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను. ఆ క్షణంలోనూ ఫాదర్ తరువాతి మాట అందుకుని అనువదిస్తూనే ఉన్నాను, అది మాత్రం ఆగలేదు.

అప్పుడే తలుపు దగ్గర అలికిడైంది. ఇస్త్రీ అమ్మాయి. చంకలో కొడుకు. వాడి నడుం చుట్టూ ఎర్రగా కమిలిన చార, చేతిలో ఇంకా పేలిక ముక్క. విడిపించుకోవాలని పెనుగులాడి మంచాన్ని మీదికి లాక్కున్నాడట. పక్కింటివాళ్ళు చప్పుడు విని కబురు పెడితే లాండ్రీ నుంచి పరిగెత్తుకొచ్చింది. వాడు ఏడవటం లేదు. ఏడుపు అయిపోయిన మొహం అది. ఫాదర్ ఆమెని చూసి, భోజనాల తర్వాత రమ్మన్నట్టు చెయ్యి ఊపారు. ఆమె వెనక్కి తిరగబోయింది.

నేను ఉన్న చోటు వదిలి వెళ్ళాను. మీటింగు మధ్యలో నేనెప్పుడూ ఆ పని చెయ్యలేదు. ఆమె చెయ్యి పట్టుకుని బల్ల దాకా తీసుకొచ్చి, తెల్లగుడ్డ కుర్చీ చూపించి కూర్చోమన్నాను. "వద్దక్కా, మాసిపోతుంది" అంది. బతిమాలాను, కూర్చోలేదు. బల్ల చుట్టూ ఉన్న పెద్దమనుషుల్ని చూసి ఆమెకి కాళ్ళాడలేదు. నాకూ ఆడలేదు, కానీ నావి అప్పటికే నొప్పులతో చచ్చిపోయాయి. పిల్లాణ్ణి ఆమె చంకలోంచి తీసుకుని, ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను. తెల్లగుడ్డ జారి కింద పడింది. ఎవరూ తియ్యలేదు, తీసే మనిషి కూర్చుని ఉంది కదా. మా ఆయన మొహం ఎర్రబడింది. ఆ మొహానికి ఇంటికెళ్ళాక అర్థం ఏమిటో నాకు తెలుసు. పిల్లల గది మిగలదనీ తెలుసు. ఒక ఆడమనిషి కుర్చీలో కూర్చుంటే తీర్మానాలు మారవు. వాడు నా మెడ చుట్టూ చెయ్యి వేసి, పేలిక ముక్క వదలకుండా పట్టుకున్నాడు.

వచ్చినావిడ ముందుకి వంగి ఏదో అడిగింది. అలవాటుగా అందరూ నా వైపు తిరిగారు. నేను నోరు విప్పలేదు. ఫాదర్ దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా, "అమ్మా, ఆవిడ ఏమడుగుతోందో కమిటీకి చెప్పు" అన్నారు. వచ్చినావిడ ఈ బిడ్డ ఎవరని అడిగింది. నేనే జవాబు చెప్పగలను, వాళ్ళ భాషలోనే. కానీ ఆ భాషలో నా గొంతు ఇందాకటి నుంచీ వేరేవాళ్ళదే. ఇప్పుడు నేనేం చెప్పినా, ఇది ఎవరి మాట అని వెనక్కి చూస్తుంది ఆవిడ.

"ఈసారి మీరు చెప్పండి ఫాదర్, మీకు వచ్చు కదా" అన్నాను, అందరికీ వినపడేలా, మా భాషలో. "ఆ గది నడిపేది నేనే. నన్నెవరూ అడగలేదు. నాకు అభ్యంతరం ఉంది. ఉన్నదున్నట్టు చెప్పండి, ఏమీ కలపకండి, ఏమీ తియ్యకండి."