రేవుకు అడ్డుపెట్టిన గాలి

మార్వెన్ రేవులో గాలిని పిలవగలిగిన మనిషి ఇల్వా ఒక్కతే మిగిలింది. రాణి మీద తిరగబడిన ఊరు అది. ముట్టడి మొదలైన నాటినుంచీ ఆమె దీపస్తంభం మీదే ఉండి, మంత్రం ఆపకుండా, ఒడ్డునుంచి సముద్రం మీదికి గాలి తోలుతోంది. కునుకు పట్టినా పెదవులు కదులుతూనే ఉండేవి. ఆ గాలికి ఎదురీదలేక రాణి ఓడలు పడమటి కొండ చాటున లంగరు వేసుకుని కాచుకున్నాయి.

ఊళ్లో తిండి అయిపోయింది. గుర్రాలను తిన్నారు, తర్వాత జీనుల తోలు ఉడకబెట్టుకున్నారు. ఇల్వా అత్త ఓర్షా రోజూ మెట్లెక్కి వచ్చి, నాచు కాచిన నీళ్లు కోడలి చేత తాగించి, ఈ గాలితో ఎవరి కడుపు నిండుతుందో చెప్పమని దెప్పి దిగిపోయేది.

ఒక ఉదయం దక్షిణాన తెరచాపలు కనిపించాయి. దీవులనుంచి వస్తున్న ధాన్యం ఓడలు. ముందున్న ఓడ చాపకు ఎర్రగుడ్డ మాసిక ఉంది. అది ఓర్షా కుట్టిందే. ఇల్వా భర్త దేరిన్ ధాన్యం కోసం వెళ్లింది ఆ ఓడ మీదే.

ఇల్వా గాలికి ఆ ఓడలు అఖాతం మధ్యలోనే నిలిచిపోయాయి. కొండ చాటునున్న రాణి ఓడలు లంగరెత్తాయి.

తిరుగుబాటు నాయకుడు హద్రిక్ పరుగున పైకొచ్చాడు. ఊరంతా అతన్ని అన్నా అనే పిలుస్తుంది. గాలి ఆపితే ధాన్యం ఓడల వెనకే రాణి ఓడలూ లోపలికి వస్తాయన్నాడు.

"ఆపకపోతే ఆయన పోతాడన్నా," అంది ఇల్వా, రెండు మంత్రాల మధ్య.

"తెలుసమ్మా. కింద ఎంతమంది పిల్లలున్నారో నీకూ తెలుసు."

ఓర్షా రొప్పుతూ మెట్లెక్కి వచ్చి కోడలి కాళ్ల దగ్గర కూలబడింది. "కాసేపు నోరు మూసుకోవే తల్లీ. నా బిడ్డ వచ్చేస్తాడు. కాసేపే."

ఇల్వా కిందికి చూసింది. రేవు గట్టు మీద జనం ఆమెకేసే చూస్తున్నారు. ఆమె నోరు మూయలేదు.

రాణి సైన్యం నిప్పు విసిరింది. ఒక ఓడనుంచి మరో ఓడకు మంటను మోసుకెళ్లింది ఇల్వా గాలే. ఎర్ర మాసిక ఉన్న చాప మీది మంట చివరిదాకా ఆరలేదు. ఓర్షా ఏడవలేదు. లేచి, గోడ పట్టుకుని దిగిపోయింది. మళ్లీ పైకి రాలేదు.

వారం తిరక్కుండానే హద్రిక్ తనకూ తన సర్దార్లకూ ప్రాణభిక్ష మాట్లాడుకుని ఊరి కోట తలుపులు రాణి సైన్యానికి తెరిచేశాడు. ఇక చాలు, దిగమని ఇల్వాకు కబురు పంపాడు. ఆమె ఆపింది. గాలి పడిపోయాక ఊళ్లోంచి ఏడుపులు స్పష్టంగా వినిపించాయి.

గాలి పిలిచేవాళ్లను రాణి చంపదు. ఉత్తరాన ఇంకో రేవు తిరగబడింది, అక్కడికి వీళ్లు కావాలి. రాణి ఓడ ఎక్కించే ముందు ఇల్వా ఇంటికి వెళ్లి, తనతో రమ్మని అత్తను బతిమాలింది. ఓర్షా గోడవైపు తిరిగి పడుకునే ఉంది.

"మా అత్తకు తిండి పెడతారా?" అని ఇల్వా ఓడ సర్దారును అడిగింది.

"నువ్వు గాలి పిలిచినంత కాలం పెడతాం," అన్నాడతను.

ఆమె ఓడ ముందుభాగాన నిలబడి నోరు తెరిచింది. గాలి రాకపోతే బాగుండుననుకుంది. వచ్చింది.