బూడిద ముందు ప్రమాణం

ఊరంతా మేకులు దిగగొట్టి ప్రమాణాలు చేసే ఎన్‌కొండి అనే చెక్కబొమ్మను తెల్లదొర పట్టుకుపోవడానికి వస్తున్నాడన్న కబురు ముందురోజే చేరింది. దాని సంరక్షకుడు, ఊరి మంత్రగాడు లువెంబా. అతను వెంటనే మేనల్లుడు త్సాసాని పిలిచి తలుపు మూయించాడు. రేపు తన చోట కూర్చోవలసినవాడు మేనల్లుడే కదా! బొమ్మ పొట్టకున్న అద్దం ఊడదీసి, బొమ్మకు శక్తినిచ్చే లోపలి మందంతా కుండలోకి తోడేశాడు. ఆ ఖాళీలో పొయ్యిలోని బూడిద కూరి, బంకతో అద్దం అంటించాడు.

"చెక్క పోతే పోనీ అల్లుడూ. ప్రాణం మనింట్లోనే ఉంటుంది."

"నీ తెలివికి కుండెడు కల్లు పోయించాలి మామా!"

తెల్లారేసరికి సిపాయిలతో, దుబాసీతో దొర దిగాడు. రైలుదారి పనికి మగవాళ్ళను ఎక్కడ పట్టుకుపోతారోనని ఊరంతా హడలిపోతోంది. పక్క ఊరినుంచి పోయిన పదకొండుమందిలో తిరిగొచ్చింది ఇద్దరే. పెద్దామె ఎంపెంబా తెగించి అడిగింది.

"బొమ్మ తీసుకుపో దొరా. మా మగవాళ్ళ జోలికి మాత్రం రాకు."

దొర రెండేళ్ళుగా ఇక్కడి ఆచారాలు పుస్తకంలో రాసుకుంటున్న మనిషి. తన పాండిత్యం చూపించుకునే అవకాశం వదులుకుంటాడా? ఇనుప మేకు ఒకటి అడిగి తీసుకున్నాడు. దాన్ని నాలుకతో తడిపి, "ఈ ఊరి నుంచి ఒక్క కూలీని కూడా పట్టుకుపోను" అని దుబాసీ చేత చెప్పించి, బొమ్మ గుండెలో దిగగొట్టాడు.

"కట్టుబడిపోయాడే!" అంటూ ఆడవాళ్ళు చప్పట్లు చరిచారు. మేకు నాకి మాట తప్పినవాడు కడుపుబ్బి చస్తాడని ఎవరికి తెలియదు?

లువెంబా నోట్లో నములుతున్న కోలా గింజ చేదెక్కింది. ఇన్నేళ్ళకి ఒక తెల్లవాడు తనంతట తాను మేకు నాకాడు. అదీ బూడిద ముందు. కుండలోని మందు మళ్ళీ బొమ్మలో కూరే దారి వెతికాడు.

"దొరా, ఒక్క గడియ ఆగు. బొమ్మను ఇంట్లోకి తీసుకెళ్ళి ఆఖరి పూజ చేసుకోవాలి."

"అక్కర్లేదు. పూజలన్నీ దొరగారు ఎప్పుడో రాసేసుకున్నారు," అన్నాడు దుబాసీ.

దొర బొమ్మతో వెళ్ళిన పది రోజులకు సిపాయిలొచ్చి రైలుదారి పనికని ఆరుగురిని కట్టేశారు. వాళ్ళలో త్సాసా ఒకడు. ఎంపెంబా నేరుగా లువెంబా ముందుకొచ్చి నిలబడింది.

"మాట తప్పాడుగా. వాడి కడుపింకా ఉబ్బలేదేం?"

"ఉబ్బుతుందిలే అక్కా. తెల్లవాళ్ళకి కాస్త ఆలస్యం," అన్నాడు నేల చూపులు చూస్తూ.

దారిలో రేవుకి చేర్చాల్సిన దొర సామాను కూడా వాళ్ళకే తలా ఒకటి ఎత్తారు. త్సాసా నెత్తిన పెట్టింది ఎన్‌కొండి ఉన్న పెట్టెనే. మేనమామ పక్కనుంచి పోతూ వాడు గొంతు తగ్గించి అన్నాడు:

"దిగులుపడకు మామా. పెద్ద బరువేం లేదు. కడుపు మనమే ఖాళీ చేశాంగా."