దుపట్టా అంచులో నల్లపూసలు

ఖాజీగారు దువా ముగించగానే ఆడవాళ్లంతా ఆమీన్ అన్నారు. కాశింబీకి మాత్రం ఆ మాట వినబడనే లేదు. ఆమె చూపంతా పెళ్లికూతురైన తన బిడ్డ షబ్రీన్ తలమీది ఎర్ర దుపట్టా మీదే ఉంది.

పెళ్లి కుదిరిన రోజే షబ్రీన్ తల్లికి తేల్చి చెప్పింది. "అమ్మా, పసుపు నలుగు వద్దు, బ్యాండు వద్దు, నల్లపూసల లచ్ఛా కట్టేది అసలే వద్దు. మన దీన్‌ల ఉన్నది నికా, పెండ్లికూతురికిచ్చే మహర్, వలీమా విందు. నల్లపూసలు మొగుని ప్రాణం కాస్తాయనుకుంటే, అల్లా పని పూసలకు అప్పజెప్పినట్లే."

"అల్లా మీద ఒట్టు, ఏ రస్మూ చెయ్యను" అంది కాశింబీ.

పక్క క్వార్టరు తులసమ్మకే దిగులైంది. "ఏంది కాశింబీ, ఇన్నేండ్లూ మీరూ మేమూ ఒక్కతీరు పూసలేసుకుంటిమి. మీ బిడ్డ గిట్ల మమ్మల్ని ఒంటరి చేసె!"

కాశింబీ నవ్వింది కానీ, భయం ఆమెను వదల్లేదు. తన లచ్ఛా తెగిన వారంలోనే భర్త దస్తగిరి పవర్ ప్లాంటులో బొగ్గు మోసే బెల్టు దగ్గర జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతని బూట్లు అరిగి అద్దంలా ఉండేవని ఆమెకు తెలుసు. అయినా ఆమె అనుమానం బూట్ల మీదికి ఎన్నడూ పోలేదు. ఇప్పుడు అల్లుడు హనీఫ్‌ది కూడా ఆ బెల్టు దగ్గరే డ్యూటీ. అందుకే నల్లపూసల దండను దుపట్టా అంచు మడతలో పెట్టి, ఎవరికీ తెలియకుండా కుట్టేసింది. సూది గుచ్చిన ప్రతిసారీ బిస్మిల్లా అనుకుంది. అల్లా పేరు తలుస్తూనే అల్లా మీద పెట్టిన ఒట్టు తప్పడం ఆమెకే మరీ సిగ్గనిపించింది.

అప్పగింతలకు ముందు లోపలి గదిలో షబ్రీన్ తల్లిని వాటేసుకుంది. "మా దోస్తుల అమ్మలెవరూ ఇన్లేదమ్మా. నువ్వొక్కదానివే మాట నిలబెట్టుకున్నవు."

ఆ మెప్పును కాశింబీ మోయలేకపోయింది. "దుపట్టా ఇట్లా తే" అని, అంచు దారాన్ని పళ్లతో కొరికింది. పూసలు చేతిలోకి జారాయి.

షబ్రీన్ వాటిని వేలితో కదిపి చూసింది. "నగ అని ఇస్తే ఏసుకుంటుంటి కదమ్మా. దాచి కుట్టినవంటే తాయెత్తే కద? పైగా ఒట్టేసి."

"తప్పే బిడ్డా."

"సరే, ఇప్పుడు నగ అనే వెయ్యి. ఇంకేమీ అనుకోకుండ వెయ్యి."

కాశింబీ దండను కూతురి మెడ దాకా తెచ్చింది. మనసులో మాత్రం హనీఫ్ బెల్టు పక్కన నడుస్తూనే ఉన్నాడు. మళ్లీ అబద్ధమాడటానికి ఆమెకు చేతులు రాలేదు. పూసలను తన కొంగుకే ముడివేసుకుంది.

బయట కారు హారన్ మోగింది.

"అల్లునికి చెప్పు" అంది కళ్లు తుడుచుకుంటూ, "బూట్లు అరగకముందే కొత్తవి అడిగి తీసుకొమ్మను."