సాదా ఉత్తరం

చంద్రరావుగారి నర్సరీ ఆఫీసులో కంప్యూటరు కొన్న నాటి నుంచీ, అంటే నాలుగేళ్లుగా, ఈమెయిళ్లు చూసేది గుమాస్తా హారతే. అన్నీ సాదా అక్షరాల్లోనే తెరిచేది, సాదాగానే రాసేది. బొమ్మల్లేవు, రంగుల్లేవు. కడియం మొక్కలు కొనే నాగపూర్, పుణె వ్యాపారులకి ఆ పొడి ఉత్తరాలే అలవాటు. 2003 వేసవిలో చంద్రరావుగారి అల్లుడు మురళీకృష్ణ రాజమండ్రి నుంచి పెత్తనానికి దిగాడు. దిగీ దిగగానే ఆ ఉత్తరాల మీద పడ్డాడు.

“ఏంటిది, టెలిగ్రామా? క్రోటన్ ఆకు రంగు అక్షరాల్లో ఏం కనపడుద్ది?”

మాటలో అబద్ధం లేదు. అందుకే హారతికి ఇంకా మండింది. “ఫొటోలు విడిగా జత చేస్తున్నానండి. రంగుల ఉత్తరంలో పైకి ఒక అడ్రసు కనిపిస్తుంది, అడుగున ఇంకోటి ఉండొచ్చు. నొక్కితే ఎక్కడికి పోతామో తెలీదు.”

“గుమాస్తావి, నాకు చెప్పొచ్చావా? ఆఫీసులో ఏ పొరపాటు జరిగినా ముందు పోయేది నీ ఉద్యోగమే!” అని తనే సెట్టింగులన్నీ మార్చేశాడు.

ఆ వారమే పువ్వులు రాలే గ్రీటింగ్ కార్డొకటి వస్తే మురిసిపోయి నొక్కాడు. అది ఆఫీసు మెయిలు పాస్‌వర్డ్ అడిగింది. హారతి ఎదుటే శుభ్రంగా కొట్టి ఇచ్చాడు. ఎంత మహానుభావుడో చూడండి!

జూన్‌లో నాగపూర్ దేశ్‌పాండేగారికి లోడు వెళ్లాలి. మొక్కలెక్కించిన లారీని ఎండెక్కేదాకా ఆపడమన్నది కడియంలో లేదు. పొద్దున్నే, సరిగ్గా తాళ్లు కట్టే వేళకి మెయిలొచ్చింది. దేశ్‌పాండే షాపు గుర్తు, చుట్టూ ఎర్ర అంచు, మధ్యలో కబురు: గోడౌన్ మారింది, సరుకు ఈ కొత్తచోట దింపండి. హారతి దాన్ని సాదా అక్షరాల్లోకి మార్చి చూసింది. గుర్తు పోయింది, అంచు పోయింది. జవాబు వెళ్లే అడ్రసు మాత్రం ఎవడిదో. ఆ గ్రీటింగ్ కార్డు గుర్తొచ్చింది: పాస్‌వర్డ్ దొరికినవాడు లోడు సంగతులన్నీ చదువుతున్నాడు.

“ఇది ఆయన రాసింది కాదండి. పదింటికి షాపు తీస్తారు, ఫోన్ చేసి కనుక్కుందాం.”

“పదిదాకా మొక్కల్ని మాడబెట్టమంటావా? నా మీద కుళ్లు నీకు!”

హారతి మొక్కలకి అంట్లు కట్టే పాకలోకి పరిగెత్తి, చంద్రరావుగారికి అంతా చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు. “నిజమేనేమో అమ్మాయ్. కానీ అల్లుడుగారి మాట కాదంటే ఇంట్లో నన్ను బతకనివ్వరు” అని తల వంచుకుని పనిలో పడ్డాడు. డ్రైవరు వెంకన్న లారీ కదిలించాడు. పదింటికి హారతి ఫోన్ చేస్తే దేశ్‌పాండే లైను పనిచెయ్యలేదు. నాగపూర్ వానలకి ఆ మూడు రోజులూ అంతే.

నాలుగోనాడు ఆయనే ఫోన్ చేసి, నా మొక్కలేవని కేకలేశాడు. ఎవడో దింపుకుని ఉడాయించాడు!

“హారతే చూసుకోకుండా పంపించిందండి మావయ్యగారూ” అన్నాడు మురళీకృష్ణ, కళ్లార్పకుండా.

చంద్రరావుగారు హారతి వైపు తిరిగాడు. అంతా చెవులారా విన్న మనిషి! “తప్పు నీదేనని వ్యాపారులందరికీ రాసెయ్యమ్మా. రేపట్నుంచి రావద్దులే.”

“లెటర్‌హెడ్ పెట్టి అందంగా రాయి” అన్నాడు అల్లుడు.

వాళ్లెదుట ఏడిస్తే చచ్చినంత ఒట్టు అనుకుని హారతి కంప్యూటరు ముందు కూర్చుంది. సాదా అక్షరాల్లో ఆరు వరుసలు కొట్టింది. ఏ మెయిలొచ్చిందో, తను ఎవరెవరికి చెప్పిందో, లారీని ఎవరు పంపారో. మా పాస్‌వర్డ్ బయటికి పోయింది, ఇక ఇక్కణ్నుంచి ఏ ఉత్తరం వచ్చినా ఫోన్ చేసి కనుక్కోండి అని కూడా. కింద తన పేరు పెట్టి, రెండు వందల పన్నెండు మంది వ్యాపారులకీ పంపేసింది.

అరగంటలో ఫోన్ మోగింది. ఎత్తిన చంద్రరావుగారి మొహం మాడిపోయింది. రిసీవరు ఆమె వైపు చాచాడు. “పుణె వాళ్లు. నిన్నే అడుగుతున్నారు.”

హారతి క్యారేజీ సంచి భుజాన వేసుకుంది.

“నన్ను మానిపించారని మీరే చెప్పండి. ఎందుకో కూడా మీరే చెప్పండి.”