ముట్టుకోవద్దని రాసిన డిస్క్

నా ఒళ్ళు మండిపోతోంది. మా ఆయన అక్క మొగుడు, వావి ప్రకారం అన్నయ్యగారని పిలవాలి కాబట్టి పిలుస్తున్నాను, నా హార్డ్ డిస్క్‌ని ఫార్మాట్ చేశారు. ఎందుకయ్యా అంటే, టీవీకి పెడితే సినిమా రాలేదట.

ఆ డిస్క్‌లో ఏముందో చెప్పాలి. చూపులేని పిల్లల బడి ఒకటుంది. చరిత్ర పుస్తకం చదివిపెట్టేవాళ్ళు దొరకడం లేదంటే, నేను రికార్డు చేసిస్తానన్నాను. మా ఇంట్లో నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది? బట్టల బీరువా తలుపులు తీసి, దుప్పట్ల మధ్య తల పెట్టి, ఫ్యాను కట్టేసి, చెమటలు కక్కుతూ చదివాను. వీధిలో ఎవడైనా హారన్ కొడితే ఆ పేరా మళ్ళీ మొదటినుంచి. కంప్యూటర్లో చోటు చాలక అన్నీ ఆ డిస్క్‌లోకి మార్చాను. "పాఠాలు. ముట్టుకోవద్దు" అని కాగితం కూడా అంటించాను. సోమవారం పిల్లలకి పరీక్ష. ఆదివారం పొద్దున్నే తెచ్చిస్తానని మాటిచ్చాను.

శనివారం బయటికెళ్ళి వచ్చేసరికి ఆ డిస్క్ టీవీకి వేలాడుతోంది.

"పైన రాసింది చదవలేదా అన్నయ్యగారూ?"

"చదివానమ్మా. మీ ఇంట్లో చదువుకునే పిల్లలెవరూ లేరుగా, పాతవేవో అనుకున్నా. కంప్యూటర్‌కి పెట్టి శుభ్రంగా ఖాళీ చేశాను. ఇప్పుడు చూడు, ఎంత చక్కగా ఆడుతోందో!"

ఫార్మాట్ అనగానే కంప్యూటర్ ఊరికే చేసెయ్యదు. ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని అడుగుతుంది. ఈ ఇంట్లో ఒక మాట అడగాలని తోచింది ఆ డబ్బా ఒక్కదానికే. అది ఆయన్ని అడిగింది, ఆయన సరే అన్నారు.

కేబుల్ పీకేశాను. తెర నల్లబడింది.

"అదేమిటే, బావగారు చూస్తుంటే!" అన్నాడు మా ఆయన. "మళ్ళీ చదివితే పోలా? నీకంత పనేముందని?"

పనేముందని! ఇన్నాళ్ళూ బీరువాలో నేను గొంతు చించుకున్నది ఈ మనిషికి కాలక్షేపం. ఈయన బావగారు సోఫాలో కాళ్ళు చాపుకుంటే మాత్రం అది గౌరవం, భంగం కలగకూడదు.

కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేశాను. ఫార్మాట్ చేసినా చాలామటుకు వెనక్కి తేవచ్చట, దానిమీద వేరేవి ఎక్కించకుండా ఉంటే.

"ఏమైనా ఎక్కించారా అండీ?" అని అడిగాడు.

సినిమాలేమైనా ఎక్కించారా అని అన్నయ్యగారిని అడిగాను.

"ఎక్కువేం కాదమ్మా," అన్నారాయన. "డిస్క్ నిండేదాకా."

అతను చెప్పిన ప్రోగ్రాం నడిపించి చూశాను. ఒక్క పాఠం వచ్చింది, అదీ సగం. మిగతాదంతా గరగర. ఏడుపొచ్చింది, కానీ వాళ్ళ ముందు ఏడవడం ఇష్టంలేక ఊరుకున్నాను.

సాయంత్రం ఆ బడిలో చదివే అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, రేపు పొద్దున్నే తెస్తారుగా? వరసగా వింటే పడుకునేలోపు పుస్తకం అయిపోతుందని అనుకున్నాం. అందరం కలిసి వింటాం."

స్పీకర్ పెట్టి ఫోన్ అన్నయ్యగారి ముందుంచాను. "మీరే చెప్పండి."

ఆయన గొంతు సవరించుకున్నారు. "కంప్యూటర్ పాడైందమ్మా. అన్నీ పోయాయి. ఏం చేస్తాం చెప్పు?"

చేసింది చాలక అబద్ధమా? అదీ ఆ పిల్లతోనా?

"కంప్యూటర్‌కేం కాలేదమ్మా," అన్నాను. "ఈ పెద్దమనిషికి సినిమా చూడాలనిపించింది. మీ పాఠాలు తుడిచేశారు."

మా ఆయన నా చెయ్యి గట్టిగా నొక్కాడు. విదిలించుకున్నాను.

ఆ పిల్ల అడిగింది, వెటకారమేమీ లేకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు:

"సినిమా బాగుందా అంకుల్?"

ఆయన మా ఆయన వంక చూశారు. మా ఆయన నేల వంక చూశాడు. నేను మాత్రం ఫోన్ అక్కణ్ణుంచి తియ్యలేదు.